లేతవయస్సు - పనిగంటలు

వ్యవసాయమెఱిగిన రైతు లేగదూడ మెడపై కాడి మోపడు. దూడ పెరిగి, మూపు గట్టిపడిన పిమ్మటనే దానిని మొదట తేలికపనికి అలవాటు చేయును. ఎండ ముదురకముందే విప్పి నీడకు తోలును. ఇది కేవలము జాలివలన చేయు పని కాదు. లేతమూపుపై బరువు పడినచో ఆ యెద్దు మఱి యెన్నటికిని గట్టిపడదని ఆతడెఱుగును. పశువుల విషయమున రైతులు తరతరములుగా పాటించుచున్న ఈ నీతి మనుష్యుల బిడ్డల విషయమున మాత్రము చాలకాలము పాటింపబడలేదు. బిడ్డలను ఏ వయస్సున పనిలో పెట్టవచ్చును, ఏ పనిలో పెట్టరాదు, దినమునకు ఎన్ని గంటలు పని చేయింపవచ్చును అను ప్రశ్నలకు చట్టము సమాధానము చెప్ప మొదలిడి ఇంచుమించు రెండువందల సంవత్సరములు మాత్రమే అయినది. ఆ సమాధానము ఎట్లు రూపొందినదో, నేడు ఎట్లున్నదో ఎనిమిదవ తరగతి విద్యార్థులు తప్పక తెలిసికొనవలెను. ఏలయనగా చట్టము గీచిన గీత సరిగా వారి వయస్సు వద్దనే ఉన్నది.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల ప్రాంతము కష్టజీవుల సీమ. పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలను కొట్టి, పప్పు ఒలిచి దూరదేశములకు పంపుదురు. టెక్కలి ప్రాంతమున నీలిరంగు గ్రానైటు రాతిని తొలుతురు. నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, రాజాములలో జనుము, గోగు నారలతో గోనెసంచులు నేయు మిల్లులు వెలసినవి. ఊరి పొలిమేరలలో ఇటుకబట్టీలు కలవు. సముద్రతీరమున జాలరులు వలలు లాగుదురు. వానలు లేని ఏట, పొలముపనులు ముగిసిన ఋతువున, అనేక కుటుంబములు మూటాముల్లె కట్టుకొని విశాఖపట్టణమునకు, హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు వలసపోవును. ఈ పనులయందు పెద్దల ప్రక్కన చిన్నచేతులు కూడ కనబడుట ఒకప్పుడు సామాన్యవిషయము. పెద్దరైతుల ఇండ్ల ఏడాది జీతమునకు కుదిరిన కంబారుల వెంట పశువులు కాయు బాలురుండెడివారు. పట్టణములలో టీ దుకాణముల గ్లాసులు కడుగువారును, మోటారు షెడ్లలో చక్రములు విప్పువారును తఱచుగా బడియీడు పిల్లలే. వీరినెవ్వరును వింతగా చూడలేదు. "పేదవాని బిడ్డ పని చేయక ఏమి చేయును?" అని అందఱును సరిపెట్టుకొనిరి.

యంత్రములు పుట్టిన ఇంగ్లండులోనే ఈ సరిపెట్టుకొనుటకు మొదటి అడ్డు ఏర్పడినది. 1833లో ఆ దేశమున వచ్చిన కర్మాగారముల చట్టము బట్టల మిల్లులలో 9 ఏండ్లు నిండనివారిని చేర్చుకొనరాదనియు, 9 మొదలు 13 ఏండ్ల వయస్సువారిచే దినమునకు 9 గంటలకు మించి పని చేయింపరాదనియు శాసించినది. పసిబిడ్డచేత 9 గంటల పని యనిన నేడు ఘోరముగా తోచును. ఆనాడు అదియే గొప్ప సంస్కరణము. ఆ చట్టమువలన కలిగిన మేలు మఱియొకటి కలదు. మిల్లులను తనిఖీ చేయుటకు ప్రభుత్వము నలుగురు ఇన్స్పెక్టర్లను నియమించినది. అంతకుముందు వచ్చిన చట్టములు అమలు చూచువారు లేక కాగితముపైననే నిలిచిపోయినవి.

భారతదేశమున మొదటి కర్మాగారముల చట్టము 1881లో వచ్చినది. 7 ఏండ్లు నిండనివారిని పనిలో పెట్టరాదనియు, 7 మొదలు 12 ఏండ్లవారిచే 9 గంటలకు మించి పని చేయింపరాదనియు అది నిర్ణయించినది. 1891లో కనీసవయస్సు 9 ఏండ్లయినది. 14 ఏండ్లలోపు వారి పని 7 గంటలకు తగ్గినది. 1922లో కనీసవయస్సు 12 ఏండ్లకు పెరిగి, 15 ఏండ్లలోపు వారి పని 6 గంటలయినది. 1934లో ఆ 6 గంటలు 5 గంటలయినవి. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేట, అనగా 1948లో, వచ్చిన చట్టము 14 ఏండ్లు నిండనివారికి కర్మాగారముల తలుపు పూర్తిగా మూసివేసి, 14 నిండి 15 నిండనివారికి దినమునకు నాలుగున్నర గంటలు మాత్రమే పని యని నియమించినది. ఈ అంకెలను వరుసగా చదివినచో ఒక విషయము స్పష్టమగును. అరువదియేడు సంవత్సరములలో వయస్సు మెట్టుమెట్టుగా పైకి ఎక్కినది. గంటలు మెట్టుమెట్టుగా క్రిందికి దిగినవి. ఒక్కొక్క మెట్టుకు ఒక తరము బిడ్డల బాల్యము ఖర్చయినది.

గనుల చరిత్రయు ఇట్టిదే. భారతదేశమున మాంగనీసు త్రవ్వకము 1892లో విజయనగర ప్రాంతముననే ప్రారంభమైనది. గర్భాము, కోడూరు గనులు ఆ ఖనిజమునకు పేరుపొందినవి. 1923 నాటి గనుల చట్టము 13 ఏండ్లు నిండనివారు గనులలో పని చేయరాదని చెప్పెను. 1935లో ఆ వయస్సు 15 ఏండ్లయినది. 1952లో కొత్తచట్టము వచ్చి, 1983 నాటి సవరణతో 18 ఏండ్లు నిండనివారికి గనిపని నిషిద్ధమైనది. కర్మాగారములకు, గనులకు సంబంధించిన ఈ పాతచట్టముల స్థానమున వృత్తిభద్రత, ఆరోగ్యము, పనిపరిస్థితులకు సంబంధించిన 2020 నాటి స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. అయినను బాలల, కౌమారుల పనిని గూర్చిన ప్రత్యేకచట్టము అందులో కలిసిపోక వేరుగా నిలిచియున్నది. విద్యార్థులు ముఖ్యముగా తెలిసికొనవలసినది దానినే.

ఆ చట్టమునకు పునాది మన రాజ్యాంగము. 14 ఏండ్లు నిండని బిడ్డను కర్మాగారమునందుగాని, గనియందుగాని, ప్రమాదకరమైన మఱి యే పనియందుగాని నియోగింపరాదని రాజ్యాంగపు 24వ అధికరణము శాసించుచున్నది. 2002లో 86వ సవరణ వలన చేరిన 21ఎ అధికరణము 6 మొదలు 14 ఏండ్ల వయస్సుగల బిడ్డలందఱికిని ఉచితమైన నిర్బంధవిద్యను ప్రాథమికహక్కుగా చేసినది. దానిని నడపుటకై 2009లో విద్యాహక్కు చట్టము వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలయినది. బాలకార్మికుల నిషేధ, క్రమబద్ధీకరణ చట్టము 1986లోనే వచ్చినది. అయితే అది కొన్ని పనులను మాత్రమే నిషేధించి, తక్కినవానిని అనుమతించినది. ఒకే బిడ్డను ఒక చట్టము బడికి రమ్మనుచుండగా, మఱియొక చట్టము దుకాణమున నిలుచుటకు ఒప్పుకొనుచుండెను. ఈ వైరుధ్యము 2016 నాటి సవరణతో తొలగినది. నాటినుండి ఆ చట్టమునకు 'బాలల, కౌమారుల శ్రమ చట్టము' అని పేరు మారినది. 14 ఏండ్లు నిండనివారు బాలలు. 14 నిండి 18 నిండనివారు కౌమారులు. ఈ ఇరువర్గములకును నియమములు వేరు.

బాలల విషయమున నియమము సులభము: వారిని ఏ పనియందును ఎవ్వరును నియోగింపరాదు. పరుల పొలమునందుగాని, పరుల ఇంట అంట్లు తోముటకుగాని, హోటలులో నీళ్ళందించుటకుగాని వారిని పెట్టరాదు. కూలి ఎక్కువ యిచ్చితిమనియు, అన్నము పెట్టితిమనియు, తల్లిదండ్రులే అప్పగించిరనియు యజమాని చెప్పు సమాధానములు చెల్లవు. ఈ నియమమునకు రెండు మినహాయింపులు మాత్రమే కలవు.

మొదటిది తనవారికి సాయము చేయుట. బడి విడిచిన పిమ్మటగాని, సెలవులలోగాని బిడ్డ తన కుటుంబమునకు సాయపడవచ్చును. కుటుంబమనగా ఎవరో కూడ చట్టము చెప్పుచున్నది. తల్లి, తండ్రి, తోబుట్టువులు, తండ్రి తోబుట్టువులు, తల్లి తోబుట్టువులు. అనగా పెదనాన్న, చిన్నాన్న, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని వఱకు మాత్రమే. "దూరపు చుట్టము, నా యింటనే ఉండి పని నేర్చుకొనును" అని బిడ్డను తీసికొనిపోవువానికి ఈ మినహాయింపు వర్తింపదు. 2017 నాటి నియమములు ఈ సాయమునకు మఱికొన్ని హద్దులు గీచినవి. విరామము గాక దినమునకు 3 గంటలకు మించరాదు. బడివేళలలోగాని, రాత్రి 7 గంటలు మొదలు ఉదయము 8 గంటలవఱకుగాని చేయింపరాదు. కుటుంబమునకు ఆదాయము తెచ్చు ఉత్పత్తి, సరఫరా, విక్రయములలో భాగము కారాదు. చదువునకు అడ్డు రాకూడదు. పని ప్రమాదకరమైనదైనచో ఇంటివారికి సాయముగానైనను చేయరాదు. జీడిపిక్కలు కొట్టి పప్పు తీయుట, ఇటుకబట్టీల పని, ఇండ్లు కట్టు పని, టీ దుకాణములు, హోటళ్ళు మొదలైనవి ఈ నిషిద్ధముల పట్టికలోనివే.

ఈ హద్దుల మర్మము గ్రహింపవలెను. బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలో పనసకఱ్ఱతో వీణలు చెక్కు కుటుంబములు కలవు. అట్టి యింట పుట్టిన బాలుడు సాయంకాలము తండ్రి చెంత గూర్చుండి కఱ్ఱ మంచిచెడ్డలను, తీగల శ్రుతిని తెలిసికొనుట విద్య. ఆ బాలునే వారమునకు ఇన్ని వీణలు ముగించి తీరవలెనని బడి మాన్పించి కూర్చుండబెట్టుట చాకిరి. చూచువారికి రెండింటియందును అదే బాలుడు, అదే ఉలి. ఒకదానియందు బాలుడు నేర్చుకొనుచున్నాడు, రెండవదానియందు అరిగిపోవుచున్నాడు. చట్టము ఈ రెండింటికి నడుమ గడియారమును నిలిపినది.

రెండవ మినహాయింపు కళాకారులకు సంబంధించినది. చలనచిత్రములలోను, టెలివిజన్ కార్యక్రమములలోను, ప్రకటనలలోను, క్రీడలలోను బాలలు పాల్గొనవచ్చును. సర్కసు మాత్రము కూడదు. అట్టివారిచే దినమునకు 5 గంటలకు మించి పని చేయింపరాదు; విరామము లేక 3 గంటలు మించరాదు. నిర్మాత జిల్లా మేజిస్ట్రేటు అనుమతి పొందవలెను. వరుసగా 27 దినములకు మించి పనిలో ఉంచరాదు. వచ్చిన ఆదాయములో కనీసము నూటికి 20 వంతులు బిడ్డ పేరనే బ్యాంకులో నిలువ చేయవలెను. తెరపై నవ్వు బిడ్డ వెనుక కూడ ఒక పనిగంటల లెక్క ఉన్నదని ప్రేక్షకులు తెలిసికొనుట మంచిది.

ఇక కౌమారుల సంగతి. 14 ఏండ్లు నిండినవారికి పని పూర్తిగా నిషిద్ధము కాదు; అయితే ప్రమాదకరమైన పనులు 18 ఏండ్లు నిండువఱకు నిషిద్ధములే. గనులు, రాతిక్వారీలు, రాతిని కోయుట, నునుపు చేయుట, ఇటుకబట్టీలు, బాణసంచా తయారీ, మండెడి పదార్థములు, ఇనుము మున్నగు లోహములను కరగించు పరిశ్రమలు ఈ జాబితాలోనివి. ఈ సీమలోని పనులలో ఎన్నో ఇందు కనబడుట గమనింపదగినది. దీనికి కారణములు పుస్తకములలో వెదుక నక్కఱలేదు. గ్రానైటు కోయునప్పుడు లేచు సన్ననిధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను మాన్పరాని వ్యాధిని కలిగించును. ఇటుకబట్టీయందు పైన ఎండ, ప్రక్కన మంట, నెత్తిపై బరువు. ఎముకలు ఇంకను పొడవుగా పెరుగుచున్న వయస్సున మోసిన బరువు వెన్నెముకపై తన గుఱుతు విడువక పోదు. జీడిపిక్క పెంకునందలి నూనె తగిలినచో పెద్దల చేతులే బొబ్బలెక్కును.

ప్రమాదము లేని పనులలో కౌమారులు చేరవచ్చును. అపుడు పనిగంటలు ఎట్లుండవలెనో చట్టము లెక్క కట్టి చెప్పుచున్నది. ఏ విడతపనియు 3 గంటలు మించరాదు. 3 గంటలు పని చేసిన పిమ్మట కనీసము ఒక గంట విశ్రాంతి ఇయ్యవలెను. పని, విశ్రాంతి, పనికొఱకు కాచుకొని యుండు కాలము అన్నియు కలిసి దినమునకు 6 గంటలు దాటరాదు. రాత్రి 7 గంటలు మొదలు ఉదయము 8 గంటలవఱకు పని చేయింపరాదు. అదనపు గంటల పని, అనగా ఓవరుటైము, పూర్తిగా నిషిద్ధము. ఒకచోట పని చేసిన దినమున మఱియొకచోట పనికి పంపరాదు. వారమునకు ఒక పూర్తిదినము సెలవు ఇయ్యవలెను. ఆ సెలవుదినమును అందఱకును కనబడునట్లు నోటీసుగా అంటింపవలెను. 3 నెలలలో ఒకమారుకంటె ఎక్కువ దానిని మార్చరాదు.

ఈ లెక్కను ఒక ఉదాహరణముతో చూడవచ్చును. 15 ఏండ్ల బాలుడొకడు వేసవిసెలవులలో పుస్తకముల దుకాణమున పనికి కుదిరెననుకొందము. ఉదయము 9 గంటలకు చేరినచో 12 గంటలకు అతనికి విశ్రాంతి ఇయ్యవలెను. మరల ఒంటిగంటకు మొదలిడి 3 గంటలకు ముగింపవలెను. మొత్తము 6 గంటలు. అందు పని 5 గంటలు మాత్రమే. సరకు రాలేదని 2 గంటలు ఊరక కూర్చుండబెట్టినను ఆ 2 గంటలును ఆ ఆరింటిలోనే చేరును. విజయనగరమున పైడితల్లమ్మ సిరిమానోత్సవమునాడు వీధులన్నియు జనముతో క్రిక్కిఱిసి, దుకాణములు రాత్రి చాల ప్రొద్దుపోవువఱకు తెఱచియుండును. ఆనాడైనను ఆ బాలుని 7 గంటలకు పైన నిలుపుటకు వీలులేదు. చట్టమునకు పండుగ మినహాయింపు లేదు. బడి నడచు దినములలో సాయంకాలము 4 గంటలకు బడి విడిచినచో, 7 గంటలలోపల మిగులునది 3 గంటలే. తెల్లవారకముందు ఇంటింటికి వార్తాపత్రికలు పంచుటకు దుకాణదారుడు బాలుని పంపుటయు 8 గంటల నియమమునకు విరుద్ధమే.

ఈ రాత్రినియమము ఏల అని కొందఱు అడుగవచ్చును. ఎదుగు శరీరమునకు నిద్ర అన్నమువంటిది. రాత్రి 11 గంటలవఱకు హోటలులో నిలిచిన బాలుడు మరునాడు తరగతికి వచ్చినను, వచ్చినది అతని శరీరము మాత్రమే. హాజరుపట్టికలో అతని పేరు నిలుచును. పాఠము మాత్రము నిలువదు. క్రమముగా లెక్కలలో వెనుకబడును, ఉపాధ్యాయుని ప్రశ్నకు భయపడును, వారమునకు ఒకదినము, పిమ్మట రెండుదినములు మానును. బడి మానుట ఒకనాటి నిర్ణయము కాదు. అది నిద్రలేని రాత్రుల మొత్తము. ఈ కారణముననే నియమములు బడికి కూడ ఒక బాధ్యత నప్పగించినవి. బిడ్డ తెలియజేయక వరుసగా 30 దినములు బడికి రానిచో, ప్రధానోపాధ్యాయుడు ఆ సంగతిని నియమితుడైన అధికారికి తెలుపవలెను.

కౌమారులను పనిలో పెట్టుకొను యజమాని వారి పేర్లు, జన్మతేదులు, పనివేళలు, విరామములు వ్రాసిన రిజిస్టరు ఉంచవలెను. వయస్సును గూర్చి సందేహము కలిగినపుడు పాఠశాలలో వ్రాయబడిన జన్మతేది విలువగల ఆధారము. బడిలో చేర్చునపుడు తేదిని ఇష్టము వచ్చినట్లు వ్రాయించుట ఎంత పొరపాటో దీనివలన తెలియును. బాలలను పనిలో పెట్టినవారికిని, కౌమారులను ప్రమాదకరమైన పనిలో పెట్టినవారికిని 6 నెలలు మొదలు 2 సంవత్సరములవఱకు కారాగారశిక్షగాని, 20,000 మొదలు 50,000 రూపాయలవఱకు జరిమానాగాని, రెండునుగాని విధింపబడును. మరల అదే తప్పు చేసినచో కారాగారశిక్ష ఒక సంవత్సరము మొదలు 3 సంవత్సరములవఱకు ఉండును. తల్లిదండ్రులను మొదటి తప్పునకు శిక్షింపరు. చట్టము కోపము లాభము పొందువానిపైన గాని, పేదరికముచే తల వంచినవానిపైన కాదు. వసూలయిన జరిమానా బిడ్డ పునరావాసనిధికి చేరును. దానికి ప్రభుత్వము ఒక్కొక్క బిడ్డకు 15,000 రూపాయలు జత చేయును. ఆపదలోనున్న బిడ్డను గూర్చి ఎవరైనను 1098 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి తెలుపవచ్చును.

అయినను పేదయింటి తల్లి అడుగు ప్రశ్న ఒకటి మిగిలియున్నది. "బిడ్డ తెచ్చు నాలుగు రూకలు లేనిదే పొయ్యి ఎట్లు వెలుగును?" ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఆకలి ఎట్టిదో అనుభవించినవారికే తెలియును. కాని దీనికి రెండవవైపు కలదు. యజమాని బాలుని కోరుట అతడు బాగుగా పని చేయునని కాదు. తక్కువకు వచ్చుననియు, ఎదురు చెప్పడనియు. బాలురు పనికి వచ్చినకొలది పెద్దల కూలి పడిపోవును. తండ్రికి రావలసిన కూలిని కొడుకే తనకు తెలియకయే తగ్గించినట్లగును. చదువు మానిన ఆ కొడుకు పెద్దవాడై అదే తక్కువ కూలికి నిలుచును; అతని బిడ్డను గూర్చియు అదే ప్రశ్న పుట్టును. ఈ చక్రము తిరుగుట మానవలెనన్న ఎక్కడనో ఒక తరమున బిడ్డ బడిలో నిలువవలెను.

చదువు లేని కూలి ఎంత దూరము పోయినను అపాయమునకు దూరము కాలేడు. 2014 జూన్ 28న చెన్నపట్టణపు పొలిమేరయందలి మౌలివాక్కమున కట్టుచున్న 11 అంతస్తుల భవనము కూలి 61 మంది మరణించిరి. వారిలో శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి పొట్టకూటికై పోయిన కూలీలు అనేకులు. ఆ కట్టడము బలమెంతయో ప్రశ్నించు అవకాశము వారికెవ్వరికిని కలుగలేదు. దేశదేశములలో కట్టబడు భవనముల క్రింద నిలుచువారు ఇటువంటి పల్లెలబిడ్డలే. వారి తరువాతి తరము చేతిలో ఒక పత్రమును, మనస్సులో ఒక విద్యయు ఉంచుకొని పోవునా, లేక ఉత్తచేతులతో పోవునా అనునది బడియీడుననే నిర్ణయమగును.

ఇది సాధ్యమేనని తెలుగునేలయే నిరూపించినది. నెల్లూరున జన్మించి, హైదరాబాదు విశ్వవిద్యాలయమున బోధించిన శాంతా సిన్హా, మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను పక్షమున 1991 నుండి రంగారెడ్డి జిల్లా పల్లెలలో పనిబిడ్డలను బడికి చేర్చు ఉద్యమమును నడిపిరి. బడికి పోని ప్రతి బిడ్డయు పని చేయు బిడ్డయే అని ఆ సంస్థ భావించినది. పనినుండి విడిపించిన బిడ్డలను మొదట శిబిరములలో ఉంచి, వారి వయస్సునకు తగిన తరగతికి సిద్ధపఱచి, పిమ్మట బడిలో చేర్చెడివారు. కూలి పోవునని భయపడిన తల్లిదండ్రులే క్రమముగా ఆ ఉద్యమమునకు అండగా నిలిచిరి. ఆమెకు 2003లో రామన్ మెగసెసె బహుమతి లభించినది; 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల రక్షణ సంఘమునకు ఆమెయే మొదటి అధ్యక్షురాలు.

దేశము మొత్తముమీద కూడ మార్పు కనబడుచున్నది. 5 మొదలు 14 ఏండ్ల వయస్సుగల పనిబిడ్డలు 2001 జనాభాలెక్కలలో 1 కోటి 26 లక్షలుండగా, 2011 లెక్కలలో ఆ సంఖ్య ఇంచుమించు 1 కోటి 1 లక్షకు తగ్గినది. అంతర్జాతీయ కార్మికసంస్థవారు కనీసవయస్సును గూర్చి 1973లోను, మిక్కిలి హీనమైన బాలశ్రమను గూర్చి 1999లోను చేసిన ఒడంబడికలను భారతదేశము 2017 జూన్ 13న ఆమోదించినది. ప్రపంచమున 2020లో 16 కోట్లున్న బాలకార్మికులు 2024 నాటికి ఇంచుమించు 13 కోట్ల 80 లక్షలయిరి. తగ్గిన సంఖ్య సంతోషము కలిగించును. మిగిలిన సంఖ్య కర్తవ్యమును జ్ఞాపకము చేయును.

చివరగా ఎనిమిదవ తరగతివారు ప్రత్యేకముగా గుర్తింపవలసిన విషయమొకటి కలదు. నిర్బంధవిద్యయు, పని నిషేధమును ఇంచుమించు ఒకే చోట ముగియుచున్నవి. విద్యాహక్కు చట్టము చెప్పిన ప్రాథమికవిద్య ఎనిమిదవ తరగతితో పూర్తియగును. సామాన్యముగా ఆ తరగతి ముగియు నాటికి బిడ్డకు 14వ ఏడు సమీపించియో, నిండియో యుండును. ఆ దినము వఱకు బిడ్డను కాపాడిన కంచె ఆ దినమున కొంత తెఱచుకొనును. అనేకులు దీనిని పొరపాటుగా గ్రహించి, "ఇక పనికి పోవలసిన వయస్సు వచ్చినది" అందురు. చట్టమట్లనలేదు. పనికి పోవచ్చునన్నదే గాని పోవలెననలేదు. చదువు చాలునని మొదలే అనలేదు. 14 ఏండ్లు నిండినను ఎనిమిదవ తరగతి ముగియనివానికి అది ముగియువఱకు ఉచితముగా చదువు హక్కు ఉండనే యున్నది. తొమ్మిది, పది తరగతుల తలుపు తెఱచియున్నది. చేతిపనియందు ఆసక్తి గలవారికి పారిశ్రామిక శిక్షణసంస్థలు కలవు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము ప్రకారము 14 ఏండ్లు నిండినవారు భత్యము పొందుచు వృత్తిశిక్షణలో చేరవచ్చును. ప్రమాదకరమైన పరిశ్రమలలో మాత్రము 18 ఏండ్లు నిండవలెను.

కావున 14వ ఏట ఒక కౌమారుని ముందు రెండు దారులుండును. ఒకటి ఈనాడే కొంచెము సొమ్ము తెచ్చి, ఏండ్లు గడచినను అంతయే తెచ్చుచుండు దారి. రెండవది మఱి నాలుగేండ్లు ఓర్పు కోరి, పిమ్మట శ్రమకు తగిన విలువ నిచ్చు దారి. ఇంటి కష్టమువలన సాయంకాలము రెండుమూడు గంటలు పని చేయవలసి వచ్చినను అది అవమానము కాదు. పని నీచమైనది కాదని పెద్దలు చెప్పిన మాట సత్యమే. అయితే ఆ గంటలకు హద్దు ఉన్నదని తెలిసినవాడు తన ఉదయమును బడికి, తన రాత్రిని నిద్రకు దక్కించుకొనగలడు. హద్దు తెలియనివాని గంటలను ఇతరులు లెక్కపెట్టుదురు; తెలిసినవాడు తన గంటలను తానే లెక్కపెట్టుకొనును.